ఎవరి పెట్టెలో దాస్తోంది

ఏలూరు, పవర్‌పేట
3 జూన్ 2025

పూజ్యులైన మావయ్యగారికి,

మైత్రేయి నమస్కరించి రాస్తున్నది. కాగితం మీద ఉత్తరం చూసి కంగారు పడతారని తెలుసు. ఒంట్లో బాగానే ఉంది. అచ్చమ్మ అత్తయ్యకు ముందు ఆ మాట చెప్పి, తర్వాత తక్కినది చదవండి.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నా ఫోను నాది కాదు. చేతిలో ఉన్నది నాదే. లోపల ఉన్నది కాదు.

పెళ్లైన వారంలో జయంత్ గారు ఈ ఫోను కొనిచ్చారు. కాలేజీలో కంప్యూటర్లు చూసే మనిషి కదా, అన్నీ ఆయనే సర్దిపెట్టారు. "నీకు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు మైత్రీ, బ్రౌజరే గుర్తుపెట్టుకుంటుంది" అన్నారు. నిజమే. ఎక్కడ పాస్‌వర్డ్ కొట్టినా కింద చిన్న పెట్టె వచ్చి, దాచమంటారా అని అడుగుతుంది. రెండేళ్లుగా అవుననే నొక్కాను. నా ఫోనులో దాస్తోందనుకున్నాను. ఆ బ్రౌజరు ఆయన పేరు మీద తెరిచి ఉంది మావయ్యా. నేను దాచిన ప్రతిదీ అదే నిమిషంలో ఆయన ఆఫీసు కంప్యూటర్‌లోకి కూడా వెళుతోంది.

ఎలా తెలిసిందో చెబుతాను. పెళ్లికి ముందు నేను కైకలూరులో పనిచేసిన ల్యాబు గుర్తుంది కదా, చేపల చెరువుల నీళ్లు పరీక్షించేది. ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ ఖాళీ ఉందంటే దరఖాస్తు పంపాను. జవాబు రాలేదు. రాలేదనుకుని ఊరుకున్నాను. పోయినవారం బట్టల కొట్లో ల్యాబు పెద్దావిడ క్రిస్టినా గారు కనిపించి, "రమ్మని రాస్తే రానని రాశావేం?" అన్నారు. ఇంటికొచ్చి నా మెయిల్‌లో వెతికితే, వాళ్లు రాసింది చెరిపేసి ఉంది, పంపినవాటిలో మాత్రం జవాబు ఉంది. 'కుటుంబ కారణాల వల్ల చేరలేను.' కింద నా పేరు.

అడిగాను. ఆయన దాచలేదు. "అవును, నేనే పంపాను. నువ్వు దాచినవన్నీ నా ఆఫీసు కంప్యూటర్‌లోకీ వస్తాయిగా. ఆ నీచు నీళ్లలో నీకెందుకమ్మా కష్టం" అన్నారు. గొంతు ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తరు. ఎత్తితే మీకు చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉండేది.

ఇప్పుడు అక్కడ చేరినావిడ ఈ నెలాఖరుకు మానేస్తోంది. ఇరవై ఎనిమిదిలోగా మళ్లీ రాస్తే నన్నే తీసుకుంటామన్నారు. ఆయన చేతికి అందని మెయిల్ ఒకటి నాకు కావాలి. ఇంట్లో ఏ యంత్రం మీద తెరిచినా ఆయనకు తెలుస్తుంది. అమ్మ పోయాక నాకు అడగడానికి మీరే ఉన్నారు. ఏం చేయమంటారు?

దయచేసి ఫోను చేయకండి.

మీ మైత్రేయి

*

తాడేపల్లిగూడెం
6 జూన్

చి. ల. సౌ. మైత్రేయికి,

మావయ్య ఏడుకొండలు ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

మొగుడికి తెలియకుండా మొగుడి మీద ఉత్తరం రాసే రోజు మన ఇంటి పిల్లకు వచ్చిందా? నీ పెళ్లిపందిట్లో మైకు పట్టుకుని నేను చెప్పిందేమిటి? ఆలుమగలది ఒకే ఇల్లు, ఒకే తాళంచెవి అన్నాను. మూడొందల మంది తలలూపారు. నువ్వూ ఊపావు. అర్ధాంగి అని శాస్త్రం ఊరికే అనలేదు. కుడిచెయ్యి పట్టుకున్నది ఎడమచేతికి తెలియకూడదంటే ఆ మనిషికి పక్షవాతమన్నట్టు లెక్క. నేను బళ్లో చదివింది అయిదో తరగతే. గ్రంథాలు మాత్రం గట్టు మీద కూర్చుని, నీళ్లు పెడుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. వాటిలో ఎక్కడా పెళ్లాం పెట్టెకి వేరే తాళం ఉండాలని రాసి లేదు.

జయంత్ నాకు కొత్తవాడు కాదు. ప్రతి ఏకాదశికీ ఏలూరు నుంచి బస్సెక్కి వచ్చి, నా ప్రవచనంలో ముందు వరసలో కూర్చుని, నోట్సు రాసుకున్న కుర్రాడు. అందుకే నిన్నిచ్చాను.

నీ పేరు మీద జవాబు రాయడం మాత్రం తప్పే. తప్పుని తప్పని చెప్పకపోతే నా నాలుక ఎందుకు? అందుకని నిన్న సాయంత్రం అతనికే ఫోను చేశాను. మీ అత్తయ్య అడ్డుపడింది. "ఆ పిల్ల ఫోను చేయొద్దని రాసింది కదండీ" అంది. ధర్మం చెప్పడానికి ఒకరి అనుమతి ఏమిటన్నాను. అతను ఎంత వినయంగా విన్నాడనుకున్నావు? "పొరపాటైందండీ మావయ్యగారూ, నేను చూసుకుంటానండీ, మీరు మనసు కష్టపెట్టుకోకండి" అన్నాడు.

చూశావా, మంచి మనిషితో ఒక్క మాటలో తెమిలిపోయింది. ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

ఆశీస్సులతో
ఏడుకొండలు

*

ఏలూరు
11 జూన్

మావయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఆయన చేతికి అందింది. చదివి, మళ్లీ మడతపెట్టి, నా చేతికిచ్చారు.

మీరు ఫోను చేసిన రోజు ఆయన రసాలు పట్టుకొచ్చారు. పళ్లు కడిగి పళ్లెంలో పెట్టి, "నాకు చెప్పుకోవచ్చుగా మైత్రీ, మావయ్యగారిని ఎందుకు బాధపెట్టడం" అన్నారు. అంతే. మర్నాడు మెయిల్ తెరవబోతే తెరుచుకుంది. నేను పెట్టిన పాస్‌వర్డ్ మాత్రం మారిపోయింది. కొత్తది ఏమిటో నాకు తెలియదు. బ్రౌజరుకు తెలుసు. అక్కడ చుక్కలు చుక్కలుగా పడి లోపలికి పోనిస్తుంది. ఆ చుక్కల వెనక ఏముందో చూడాలంటే ఆయన వేలిముద్ర అడుగుతుంది. నా ఇంట్లోకి నన్నే ఎవరో తలుపు తీసి పంపుతున్నట్టుంది. రేపు తీయకపోతే నేను బయటే.

"ఉత్తరాలు రాసుకో, తప్పేముంది. నాకివ్వు, కాలేజీ దగ్గర పోస్టుడబ్బాలో వేస్తాను" అన్నారు. కూరలు కూడా తనే తెస్తున్నారు. నాకు ఎండ తగలకూడదట.

ఈ ఉత్తరం మా వెనక వీధిలో జాకెట్లు కుట్టే లక్ష్మీదుర్గ చేత వేయిస్తున్నాను. రాయాలనుకుంటే ఆవిడ పేరున రాయండి, అడ్రసు వెనక ఉంది. రాయాలని లేకపోయినా ఫరవాలేదు.

పెళ్లాం పెట్టెకి వేరే తాళం ఎందుకన్నారు. నేను ఆయన పెట్టె ఎప్పుడూ తెరవలేదు మావయ్యా. దాని పాస్‌వర్డ్ నాకు తెలియదు. ఒకే తాళంచెవి అన్నారు కదా, అది ఎవరి మొలతాడుకి ఉందో మీరు ఆ రోజు చెప్పలేదు.

మైత్రేయి

*

తాడేపల్లిగూడెం
15 జూన్

అమ్మా మైత్రేయీ,

నీ ఉత్తరం వచ్చాక మీ అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. అది ఇంకా కష్టంగా ఉంది.

మా వీధిలో కాంతం అని, పిల్లలకు కంప్యూటర్ నేర్పే ఆవిడ ఉంది. ఈ బ్రౌజరు సంగతేమిటో చూపించమ్మా అని వెళ్లి కూర్చున్నాను. నీ పేరు ఎత్తలేదు. చాలా చూపించింది. పాస్‌వర్డులు కొట్టేయడానికి అచ్చం బ్యాంకులాగే ఉండే దొంగ పేజీలు తయారు చేస్తారట. మనిషి మోసపోతాడు. బ్రౌజరు మోసపోదు. దానికి వేషం పట్టదు, పేజీ చిరునామా అక్షరం తేడా ఉన్నా దాచింది బయటికి తీయదు. ఆశ్రమం ముందు కాషాయం కట్టుకుని భిక్ష అడిగినవాడిని చూసి సాక్షాత్తు అమ్మవారే గీత దాటింది కదా, ఈ యంత్రం దాటదన్నమాట. ఎంత తెలివి అనుకున్నాను. తర్వాత నీ సంగతి గుర్తొచ్చింది. వీధిలో దొంగను అంత కనిపెట్టేది, ఇంట్లోవాడు ఎవరో కనిపెట్టలేదే. ఎవరి పేరుతో తెరిచారో వాడే యజమాని అనుకుంటుంది. వాడి ముందు అందరి మూటలూ విప్పి పెడుతుంది.

రాత్రంతా ఒకటే ఆలోచన. అయిదుగురు అన్నదమ్ములనూ తల్లినీ లక్క ఇంట్లో పెట్టినప్పుడు, ఆ ఇల్లు చూసి ఊరంతా మెచ్చుకుంది. నెయ్యి వాసన, నునుపు గోడలు, అడుగడుగునా మర్యాద. ఆ కథ నేను నూరుసార్లు చెప్పి ఉంటాను. గోడ తాకి చూడమ్మా అని నిన్ను మాత్రం ఒక్కసారీ హెచ్చరించలేదు. పైగా ఆ గోడ గట్టిదని మైకులో సాక్ష్యం చెప్పాను. తప్పు నాది. పంచెకట్టిన ప్రతివాడి ముందూ ఒప్పుకుంటాను.

కథలో సొరంగం తవ్వడానికి ఒకడొచ్చాడు. ఇక్కడ నేను తవ్వాను. నీకో మెయిల్ తెరిచాను. కాంతం చేసిపెడతానంది, వద్దన్నాను. నీ రహస్యం ఇంకో మనిషి కళ్లపడకూడదని, నా ఫోనులో నేనే, ఒక్క వేలుతో, మూడు గంటలు కష్టపడి చేశాను. పాస్‌వర్డ్ నేను రోజూ చదివే శ్లోకంలో మొదటి అక్షరాలు, చివర నూట ఎనిమిది. దాచమంటారా అని అడిగింది. మరిచిపోతానేమోనని దాచమన్నాను. అక్కడి నుంచే క్రిస్టినా గారికి నీ పేరున దరఖాస్తు వెళ్లిపోయింది. మెయిల్ పేరు ఈ చీటీలో రాశాను. చదివి చింపెయ్.

ధైర్యంగా ఉండు.

మావయ్య

*

ఏలూరు
18 జూన్

మావయ్యా,

మీ ఫోను ఎవరిచ్చారు?

మీ షష్టిపూర్తికి పట్టుబట్టలతోపాటు పళ్లెంలో పెట్టి ఇచ్చింది ఎవరు? ప్రవచనాలు రికార్డు చేసుకోవడానికని అన్నీ సర్దిపెట్టి ఇచ్చింది ఎవరు? బ్రౌజరు తెరిచి, పైన కుడివైపు మూలలో చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, అందులో ఎవరి ముఖం ఉందో చూడండి.

మీరు చూడకముందే నాకు తెలుసు. నిన్న అన్నం తింటూ ఆయన మజ్జిగ పోసుకుని, "మావయ్యగారు ఎక్కడైనా సరే చివర నూట ఎనిమిది పెట్టడం మరిచిపోరు, చూశావా?" అన్నారు. నవ్వారు. నాకూ ఇంకో గరిటె మజ్జిగ పోశారు.

మిమ్మల్ని అనడం లేదు. నాకూ రెండేళ్లు పట్టింది. ఆ పెట్టె 'దాచమంటారా' అని అడుగుతుంది కానీ, 'ఎవరి దగ్గర దాచమంటారు' అని అడగదు. 'ఇది జయంత్ గారికి కూడా కనిపిస్తుంది, సరేనా?' అని ఒక్క ముక్క ఉంటే మీరు నొక్కేవారా? నేను నొక్కేదాన్నా? అంత తెలివైనవాళ్లు తయారుచేశారు, ఒక ఇంట్లో ఇద్దరు మనుషులుంటారని వాళ్లకు తట్టలేదు. ఇద్దరిదీ ఒకే మనసని వాళ్లకూ ఎవరో మైకులో చెప్పి ఉంటారు. క్షమించండి, ఆ మాట కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

ఇప్పుడు కోపంతో ఏదీ చెరపకండి. ఆ ఫోను మీద ఏమీ చేయకండి. సిమ్ము మాత్రం మీ సొంతం, దాన్ని తీసి మామూలు బటన్ల ఫోనులో వేసి, కాంతం గారి దగ్గరకు వెళ్లండి. ఆవిడ కంప్యూటర్ మీద ఆ మెయిల్ తెరవడానికి చూడండి. ఆయన పాస్‌వర్డ్ మార్చేసి ఉంటే, మరిచిపోయాను అని నొక్కితే మీ సిమ్ముకి నంబరు వస్తుంది. దానితో తిరిగి పట్టుకోవచ్చు. అక్కడ కూడా దాచమంటారా అని అడుగుతుంది. వద్దనండి.

ఇంకా పది రోజులు. ఇల్లంతా తలుపులు తీసే ఉన్నాయి మావయ్యా. అదే నాకు ఊపిరాడనివ్వడం లేదు.

మైత్రేయి

*

తాడేపల్లిగూడెం
22 జూన్

అమ్మా,

అతని ముఖమే ఉంది. బొట్టు పెట్టుకుని, నా పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో. నన్ను కత్తిరించి తనని ఉంచుకున్నాడు.

నాకు కష్టాలు చెప్పుకుంటూ మెయిళ్లు రాసే ఆడపిల్లలు పదిమందైనా ఉన్నారు. అవన్నీ అతను రెండేళ్లుగా చదువుతూనే ఉన్నాడన్నమాట. నిన్న ఏకాదశి ప్రవచనానికి వెళ్లి, గ్రంథం మూసి, "నాకు రాసినవి ఇంకొకరు చదివారు, నాదే అజాగ్రత్త" అని చెప్పి దిగిపోయాను. మీ అత్తయ్య దారిలో, "ఊరంతా మీ ప్రవచనం విన్నది, మీరు తప్ప" అంది.

కాంతం మెయిల్ తిరిగి పట్టుకుంది. నువ్వు చెప్పినట్టే నంబరొచ్చింది. కానీ అప్పటికే లోపల పని జరిగిపోయింది. పదహారున క్రిస్టినా గారు రమ్మని రాశారు. పదిహేడున నీ పేరున జవాబు వెళ్లింది. రాలేనని.

బ్రౌజరు చేసినవాళ్లకు సలహా రాసే చోటు ఉందంటే నేను చెప్పాను, కాంతం ఇంగ్లీషులో కొట్టింది. దాచేముందు ఎవరి పెట్టెలో దాస్తున్నావో పేరు చెప్పి అడుగు. దాచినదాన్ని ఎవరు, ఏ రోజు తీసి చూశారో దాచుకున్నవాడికి కనపడనీ. ఒక ఫోను చేతులు మారితే, పాత పేరు ఇంకా లోపల కూర్చుని ఉందని కొత్తవాడికి గట్టిగా చెప్పు. ఇల్లాలికి వేరే పెట్టె పెట్టుకోవడం అగ్గిపుల్ల గీసినంత తేలికవ్వాలి అన్నాను. నరకాల పేర్లు కూడా కొన్ని చెప్పాను. కాంతం నిప్పులన్నీ తీసేసి నాలుగు వాక్యాలు పంపింది.

వాళ్లు ఎప్పుడు దిద్దుతారో, దిద్దుతారో లేదో. అందుకని పొద్దున్నే భీమవరం మీదుగా బస్సెక్కి కైకలూరు ల్యాబుకి వెళ్లాను. క్రిస్టినా గారు ఒక గాజు గొట్టం లోంచి చుక్కలు వేస్తున్నారు. నేను ప్రవచనకారుడినని మొదలుపెట్టాను. "అయితే కాసేపు మాట్లాడకుండా కూర్చోండి, చుక్కలు తప్పుతాయి" అన్నారు. కూర్చున్నాను. అంతా విని, "ఏవండీ, ఆ అమ్మాయి రెండుసార్లు రానని రాసింది. మీరు చెప్పేది నిజమే కావచ్చు. ఇక మెయిళ్లు వద్దు, మనిషినే రమ్మనండి. శనివారం ఇరవై ఎనిమిది, పదిన్నరలోపు వచ్చి ఈ ఫారం మీద సంతకం పెడితే ఉద్యోగం తనదే. రాకపోతే ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది" అన్నారు.

శనివారం నేను ఏలూరు వచ్చి, నీ గుమ్మంలో నిలబడి, నిన్ను తీసుకెళతాను. అతను అడ్డొస్తే ఇన్నాళ్లూ చదివిందంతా అతని ముందు పెడతాను.

మావయ్య

*

ఏలూరు
25 జూన్

మావయ్యా,

రావద్దు. మీరొస్తే అది మీకూ ఆయనకూ మధ్య వాదన అవుతుంది. ఆయన వినయంగా వింటారు, మీరు గెలిచానని వెళ్లిపోతారు, నేను ఇంట్లో ఉంటాను.

ఇవాళ నేనే చెప్పేశాను, శనివారం కైకలూరు వెళుతున్నానని. "బస్సులో ఎందుకమ్మా, నేనే దింపుతాను" అన్నారు.

మైత్రేయి

*

కైకలూరు
12 జూలై

మావయ్యగారికి,

మైత్రేయి నమస్కరించి రాస్తున్నది. పై చిరునామా ల్యాబుది. మీకు సంతకం వరకే తెలుసు, తక్కినది ఇప్పుడు రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత అరగంట తీరిక ఉంటుంది.

ఆ రోజు ఎనిమిదికి బండి మీద బయల్దేరాం. మెల్లగా నడిపారు. పెట్రోలుకు ఆగారు, టిఫినుకు ఆగారు, కొల్లేరు మధ్యలో పక్షులు బాగున్నాయని ఆగారు. ఆలపాడు దగ్గరకు వచ్చేసరికి తొమ్మిదీ యాభై. అక్కడ బండి పక్కకు తిప్పి, "కొల్లేటికోట అమ్మవారి దర్శనం చేసుకుని వెళదాం మైత్రీ. మంచి పనికి వెళుతూ తల్లిని చూడకుండా వెళతామా?" అన్నారు. ఆ మాటకు ఎవరైనా ఏమంటారు? మీరైనా కాదనలేరు. దర్శనం చేసుకుని వస్తే పదకొండున్నర.

నేను బండి దిగాను. "మీరు చూసి రండి, నా తరఫున కూడా దణ్ణం పెట్టండి" అని, చేపల బుట్టలతో వెళుతున్న ఆటో ఆపి ఎక్కాను. ఆటోలో ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. కాళ్లు బుట్ట మీద పెట్టుకోమన్నారు.

పదీ ఇరవైకి ల్యాబులో ఉన్నాను. అయిదు నిమిషాల్లో ఆయనా వచ్చారు, చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ. క్రిస్టినా గారికి నమస్కారం పెట్టి, "మా ఆవిడ ఇష్టమే నా ఇష్టమండీ" అన్నారు. నా చేతిలో ఫారం మర్యాదగా తీసుకుని, మెయిల్ అన్నచోట తనది రాశారు, ఫోను అన్నచోట తనది రాశారు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. సంతకానికి మాత్రం పెన్ను నాకిచ్చారు.

ఆ పెన్నుతోనే ఆ రెండూ కొట్టేశాను. ఒక్కో గీత, నిదానంగా. ఫోను దగ్గర నా నంబరు రాసి, "మెయిల్ ఇంకా లేదండీ, సాయంత్రం తెరిచి ఇస్తాను" అన్నాను. క్రిస్టినా గారు ఆయన వంక చూడకుండా, "సరే, ఇవాళ్టి నుంచే చేరు, బాటిళ్లు కడగాలి" అన్నారు.

ఏదో గెలిచాననుకోకండి. ఇల్లు అదే ఇల్లు. పొద్దున్న ఆయనే బస్టాండులో దింపుతారు, సాయంత్రం ఆయనే కాచుకుని ఉంటారు. కాలేజీకి దగ్గరని కాదు, నాకు ఎండ తగులుతుందని. ఫోనులో ఇంకా ఆయన ముఖమే ఉంది. అది తీసేస్తే ఇంకోటి కొంటారు, అందుకని దాన్ని అలాగే ఉంచి, ముఖ్యమైనది ఏదీ దానికి చెప్పడం మానేశాను. ఇక్కడ నలుగురికీ ఒకటే కంప్యూటర్, ఆ సాయంత్రం కొత్త మెయిల్ దాని మీదే తెరిచాను. బ్రౌజరులో నా పేరు మీద వేరే పెట్టె పెట్టుకున్నాను, తెరవాలంటే నా పిన్ను అడుగుతుంది. అయినా ఆ మెయిల్ పాస్‌వర్డ్ అందులో కూడా దాచలేదు. చుక్కలు వేసేటప్పుడు లోపల ఒకసారి అనుకుంటాను, అంతే.

నిన్న వంకాయ తరుగుతూ ఆయన మళ్లీ అడిగారు, "నీకేదైనా అయితే ఎలా మైత్రీ, ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి కదా" అని. చెప్పనన్నాను. సరేనమ్మా అన్నారు. రేపు మళ్లీ అడుగుతారు. ఎన్నాళ్లు చెప్పననగలనో నాకు తెలియదు. ఇవాళ్టికి పద్నాలుగు రోజులు.

మీరు కూడా పోయిన ఉత్తరంలో అదే అడిగారు, అవసరానికి ఉంటుంది, గ్రంథం అట్టలో రాసి పెట్టుకుంటానని. మంచికే అడిగారని తెలుసు. చెప్పను మావయ్యా. కోపం వస్తే రానివ్వండి, రెండోసారి చదివితే ఇంకా ఎక్కువ రావచ్చు.

అత్తయ్యకూ చెప్పను. ఆవిడ అడగదు.

మీ
మైత్రేయి